అమ్మమ్మ కడుపులో మొదలైన లెక్క

మా నరసరావుపేట వైపు ఆడవాళ్ళు నలుగురు మిరపకాయల తొడిమలు తీస్తూ కూర్చుంటే మాటల్లోకి వచ్చే విషయాలు మూడే. పిల్లల చదువులు, మిరప రేటు, గర్భసంచి. "నువ్వు తీయించుకున్నావా?" అని ఒకావిడ అడుగుతుంది. "నాకు ఎనిమిదేళ్ళయిందమ్మా, ఏ గొడవా లేదు, హాయిగా ఉంది" అంటుంది ఇంకొకావిడ. పుప్పిపన్ను పీకించుకున్నంత తేలిగ్గా చెప్పేసుకుంటారు. బయట ఊళ్ళ నుంచి వచ్చిన కొత్త కోడళ్ళు తెల్లబోయి వింటారు గానీ మాకది వింత కాదు.

వింతే అని లెక్కలు చెబుతున్నాయి. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే, 15 నుంచి 49 ఏళ్ళ లోపు ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద నూటికి 3 మంది. మన ఆంధ్రప్రదేశ్‌లో నూటికి దాదాపు 9 మంది! దేశంలోకెల్లా మనమే ముందు. ఈ ఆపరేషన్లలో మూడింట రెండు వంతులు ప్రైవేటు ఆసుపత్రుల్లోనే జరుగుతున్నాయట. ఆపరేషన్ నాటికి వాళ్ళ వయసు 60 కాదు, 50 కాదు. దేశంలో సగం మందికి అటూ ఇటుగా 34 ఏళ్ళకే అయిపోతోంది.

మా తోటికోడలికి సరిగ్గా 34. పదిహేడో ఏట పెళ్ళి, ఇరవై రెండుకల్లా ఇద్దరు పిల్లలు, వెంటనే కు.ని. ఆపరేషన్. మా వైపు ఇదే రివాజు. రాష్ట్రంలో పెళ్ళయిన ఆడవాళ్ళలో పదిమందికి ఏడుగురు ఈ ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళే. మగవాళ్ళ ఆపరేషన్ సంగతి ఎవరూ ఎత్తరు, అదలా ఉంచండి. కిందటేడు మిరప కోతలప్పుడు ఆ పిల్లకి నెలసరి పది రోజులైనా ఆగలేదు. పక్క టౌన్లో నర్సింగ్ హోముకి తీసుకెళ్తే స్కానింగ్ చేసి, గర్భసంచిలో చిన్న గడ్డ ఉంది, తీసేస్తే మంచిది అన్నారు. "పిల్లలు పుట్టేశారు కదమ్మా, ఇంకెందుకా సంచి? ఉంచుకుంటే రేపు కేన్సరు రావచ్చు" అన్నారట. మా మరిది కాయలమ్మిన డబ్బు పక్కన పెట్టేశాడు కూడా. "పీడా పోతుంది అక్కా, పండగలకీ పబ్బాలకీ అడ్డుండదు" అంది తను.

'పిల్లలు పుట్టేశారు కదా, ఇంకెందుకు' అన్న మాట దగ్గరే నాకు మనసొప్పలేదు. ఆడదాని లోపల గడియారం పిల్లలు పుట్టగానే ఆగిపోతుందా? అసలు ఆ గడియారం ఎక్కడ మొదలవుతుంది, ఎందుకు ఆగుతుంది? గుంటూరులో మాకు తెలిసిన లేడీ డాక్టరుగారిని అడిగాను, దొరికినవి చదివాను. తెలిసినకొద్దీ ఇది మన వంటింట్లోనే చెప్పుకోవలసిన సంగతి అనిపించింది.

మొదట గర్భసంచి వేరు, అండాశయాలు వేరు అని గుర్తు పెట్టుకోవాలి. సంచి బిడ్డని మోసే గది. దానికి అటొకటి ఇటొకటి బాదంకాయంత సైజులో ఉండేవి అండాశయాలు. గడియారం ఉన్నది వీటిలో. కు.ని. ఆపరేషన్‌లో రెండిటినీ కలిపే గొట్టాల్ని మాత్రం కత్తిరించి కడతారు. అండాశయాల పని అండాశయాలది, ఆ రోజు నుంచి కూడా మామూలే.

ఆడపిల్ల తల్లి కడుపులో ఐదో నెలలో ఉండగానే దాని అండాశయాల్లో 60-70 లక్షల అండాలు తయారై ఉంటాయి. అంతే, ఆ తర్వాత కొత్తవి పుట్టవు. పుట్టేనాటికి 10-20 లక్షలు మిగులుతాయి. పెద్దమనిషై చిమ్మిలి తినే రోజుకి 3-4 లక్షలు. అంటే మనం గాదె నింపుకుని పుట్టి, ఆ గింజలే తింటూ బతికే వాళ్ళమన్నమాట. మిరప మొక్కకి నీళ్ళు పెట్టి మందు వేస్తే మళ్ళీ పూత పూస్తుంది. అండాశయానికి అలాంటి రెండో పూత లేదు.

ఇందులో నాకు అన్నిటికంటే అబ్బురంగా తోచింది ఒకటుంది. మా అమ్మ మా అమ్మమ్మ కడుపులో ఉన్నప్పుడే, నేను కాబోయే అండం అమ్మలో తయారై ఉంది. అంటే నా లెక్క మొదలైంది అమ్మమ్మ కడుపులో! ఆవిడ తిన్న జొన్నన్నం, ఆవిడ పడ్డ కష్టం నాకు ఎంత దగ్గరో కదా.

ఈ లక్షల్లో నెలకొకటి చొప్పున పండి విడుదలయ్యేవి జీవితం మొత్తం మీద 400-500. తక్కినవన్నీ ఏమవుతాయి? ఎండి రాలిపోతాయి. నెలకి దాదాపు వెయ్యి. నెలతప్పినా, బాలింతగా ఉన్నా, మాత్రలు మింగినా ఈ రాలడం ఆగదు. 37-38 ఏళ్ళు వచ్చేసరికి 25 వేలు మిగులుతాయి, అక్కణ్ణించి తరుగుదల ఇంకా తొందర. ఇక వెయ్యి మాత్రమే మిగిలాయనగా ముట్లుడిగిపోతాయి. పడమటి దేశాల్లో ఇది సగటున 51 ఏళ్ళకి, మన దేశంలో 46-47కే జరుగుతోంది. పొగ తాగేవాళ్ళకి ఇంకో ఏడాది రెండేళ్ళు ముందే. ఎప్పుడాగుతుందన్నదాంట్లో సగం దాకా పుట్టుకతో వచ్చే గుణమేనట. మీ అమ్మగారికి ఎప్పుడాగిందో మీకు తెలుసా? మనలో చాలామందికి తెలీదు. అడగడానికి సిగ్గు.

లెక్క తగ్గడమొక్కటే కాదు, ఉన్న గింజ కూడా పాతబడుతుంది. అండంలో క్రోమోజోములు జతలు జతలుగా, సన్నని ప్రొటీను దారాలతో ముడివేసినట్టు ఉంటాయి. ఆ ముడి వేసింది మనం కడుపులో ఉన్నప్పుడు. విప్పాల్సింది అండం పండే నెలలో. ఇరవయ్యేళ్ళ తర్వాత విప్పితే దారం గట్టిగానే ఉంటుంది. నలభయ్యేళ్ళ తర్వాతైతే చీకిపోయి ఉంటుంది. ఒక క్రోమోజోము ఇటు రావలసింది అటు పోతుంది. నలభై దాటాక గర్భం నిలవకపోవడానికీ, పోయే గర్భాలు ఎక్కువవడానికీ ముఖ్య కారణమిదే. డౌన్ సిండ్రోమ్ బిడ్డ పుట్టే అవకాశం 25 ఏళ్ళ తల్లికి సుమారు 1,200లో ఒకటైతే, 35కి 350లో ఒకటి, 40కి 100లో ఒకటి. ఇందులో తల్లి చేసిన తప్పేమీ లేదు. పాపమో శాపమో అని ఏ అత్తగారైనా అంటే ఈ దారం సంగతి చెప్పండి.

సంచి వేరు, అండం వేరు అన్నానే, దానికి రుజువు గుంటూరులోనే జరిగింది. 2019 సెప్టెంబరు 5న తూర్పు గోదావరి జిల్లా నుంచి వచ్చిన 74 ఏళ్ళ ఆవిడ ఇక్కడి ఆసుపత్రిలో కవల ఆడపిల్లల్ని కన్నారు. ప్రపంచమంతా పేపర్లలో వచ్చింది. ఆవిడకి ముట్లుడిగి ఎన్నో ఏళ్ళు. మరి ఎలా కన్నారు? అండం వేరే చిన్న వయసు ఆవిడది, దాన్ని భర్త బీజంతో కలిపి లోపల పెట్టారు. మందులతో 74 ఏళ్ళ సంచి కూడా మోయగలిగింది. అండాన్ని మాత్రం ఏ మందూ పడుచు చెయ్యలేదు. ఆ వయసులో తల్లినీ పిల్లల్నీ అంత ప్రమాదంలో పెడతారా అని డాక్టర్లలోనే చాలామంది తప్పుబట్టారు. గొడ్రాలు అన్న మాట యాభై ఏళ్ళు మోసినావిడని తప్పుబట్టడానికి నాకు మాత్రం నోరు రాలేదు. ఆ తర్వాత 2021లో వచ్చిన చట్టం ఇలాంటి వైద్యానికి ఆడవాళ్ళకి 50 ఏళ్ళు, మగవాళ్ళకి 55 ఏళ్ళు దాటకూడదని గీత గీసింది.

ఇదంతా చదువుతుంటే నాకొక సందేహం వచ్చింది. గుండె, కాలేయం, కళ్ళు డెబ్బై ఎనభై ఏళ్ళు పనిచేస్తాయి కదా, అండాశయాలు ఒక్కటే సగం దారిలో ఎందుకు ఆగాలి? ఆవు, గేదె, కోతి, ఏనుగు ముసలితనం వచ్చినా ఈనుతూనే ఉంటాయి. ఈత ఆగాక కూడా బోలెడు ఏళ్ళు బతికేది మనుషుల్లో ఆడవాళ్ళు, సముద్రంలో కొన్ని జాతుల తిమింగలాలు. ఉగాండా అడవుల్లో ఒక గుంపు చింపాంజీల్లోనూ ఇలాగే ఉందని 2023లో బయటపెట్టారు.

దీనికి శాస్త్రవేత్తలు చెప్పే కారణాల్లో ఒకటి వింటే మీకు నవ్వొస్తుంది, ఎందుకంటే మనకది ముందే తెలుసు. కారణం అమ్మమ్మ! ఆఫ్రికాలో టాంజానియా దేశంలో హాడ్జా అని అడవి దుంపలు తవ్వుకుని బతికే జాతి ఒకటుంది. క్రిస్టెన్ హాక్స్ అనే అమెరికా ఆవిడ తన తోటివాళ్ళతో అక్కడికెళ్ళి గమనిస్తే, అందరికంటే కష్టపడి తవ్వేది ముసలమ్మలేనట. కూతురు పసిబిడ్డతో ఉన్నప్పుడు పాలు మానిన పెద్దబిడ్డ కడుపు నింపేది ఆ అమ్మమ్మ దుంపలే. ముసలితనంలో ఇంకో బిడ్డని కని, దాన్ని పెంచేలోపు కన్నుమూసే కంటే, కూతురి పిల్లల్ని బతికించుకోవడంలోనే వంశానికి లాభం ఎక్కువ అని వీళ్ళ వాదన. మన దగ్గర తొలికాన్పు పుట్టింట్లో ఎందుకు? కాయం నూరి పెట్టేదెవరు, తెలగపిండి మునగాకు కూర చేసి పెట్టేదెవరు, రాత్రుళ్ళు బిడ్డని ఎత్తుకుని తిరిగేదెవరు? ఆవిడ కూడా అప్పుడే ఇంకో పసిబిడ్డతో ఉంటే ఎవరు చేస్తారు?

రెండో కారణం ఇంకా బాగుంది. అత్తా కోడళ్ళు. బ్రిటన్‌లో మైకెల్ కాంట్, రూఫస్ జాన్‌స్టన్ అనే ఇద్దరు 2008లో చెప్పారు. ఆడపిల్ల పెళ్ళయి వేరే ఇంటికి వెళ్ళే చోట, అత్తకీ కోడలికీ ఒకేసారి పసిపిల్లలుంటే తిండి దగ్గర పోటీ వస్తుంది. అత్తకి కోడలి బిడ్డ మనవడు, కోడలికి అత్త బిడ్డ రక్తం కాదు. కాబట్టి వెనక్కి తగ్గేది అత్తే. ఫిన్లాండులో పాత చర్చి రికార్డులు తిరగేస్తే, అత్తా కోడళ్ళు ఒకే కాలంలో కన్న ఇళ్ళలో పిల్లలు దక్కడం బాగా తగ్గింది. తల్లీ కూతుళ్ళు ఒకేసారి కన్నచోట అలా జరగలేదు. అత్తలు పెత్తనం వదలరని మనమంటాం గానీ, అన్నిటికంటే పెద్ద పెత్తనం కోడలు వచ్చే వయసుకల్లా వాళ్ళ ఒళ్ళే వదిలేసిందన్నమాట!

అయితే ఆ దొరలకి మన మేనరికాలు తెలిసినట్టు లేదు. మా వైపు మేనమామని చేసుకున్న పిల్లకి అత్తగారంటే సొంత అమ్మమ్మే. అక్కడ కోడలికి అత్త బిడ్డ పరాయిది ఎలా అవుతుంది? ఈ ముడి వాళ్ళు ఎలా విప్పుతారో గానీ మనలాంటి కుటుంబాల్లో చూస్తే బాగుండును.

తిమింగలాల సంగతి కూడా ఒక్క ముక్క. ఓర్కా అనే జాతిలో ఈత ఆగిపోయిన ముసలి తల్లులే చేపలు దొరకని కరువు ఏళ్ళలో గుంపుకి ముందుండి దారి చూపిస్తాయి. ఆ తల్లి పోతే ఎదిగిన కొడుకులు కూడా తొందరగా చచ్చిపోతాయట. అక్కడా కొడుకుల మీదే ఎక్కువ ప్రేమ!

ఇదంతా ఎందుకు చెప్పానంటే, ముట్లుడగడం అనేది ఒంట్లో ఏదో పాడవడం కాదు. వేల తరాల్లో కుదురుకున్న వేళ అది. ఆ వేళని 'పని అయిపోయింది' అని ముందుకి లాగితే ఏమవుతుందో మా ఆడపడుచుని చూస్తే తెలుస్తుంది. 32వ ఏట ఒక ప్రైవేటు ఆసుపత్రిలో సంచి తీశారు. అండాశయాలు కూడా రెండు వైపులా తీసేసినట్టు మొన్నమొన్నటిదాకా తనకే తెలీదు. పాత కాగితాలు డాక్టరుగారు చదివి చెబితే తెలిసింది. ఆపరేషనైన నెల నుంచీ ఒంట్లో ఆవిర్లు, నిద్ర పట్టదు, చిరాకు. ఇప్పుడు తనకి 45. కిందటేడు కల్లంలో కాలు జారి చెయ్యి ఆన్చింది, మణికట్టు పుటుక్కున విరిగింది. అండాశయాలు అండాలు పండించడమే కాదు, ఈస్ట్రోజన్ అనే హార్మోను పోస్తూ ఎముకల్నీ గుండెనీ కాపాడుతుంటాయి. అవి చల్లగా, కొన్నేళ్ళపాటు తగ్గుతూ ఆగితే ఒళ్ళు సర్దుకుంటుంది. 32లో ఒక్క పూటలో ఆగిపోతే పదిహేనేళ్ళ కాపలా పోయినట్టే. సంచి ఒక్కటే తీసి అండాశయాలు ఉంచినా, అవి కొన్నేళ్ళు ముందే ఆగిపోయే అవకాశం ఎక్కువ. చిన్నవయసులో అండాశయాలు పోయినవాళ్ళు మామూలుగా ముట్లుడిగే వయసు దాకా హార్మోన్లు వాడవచ్చా అని డాక్టర్ని అడగాలి. ఆ మాట మా ఆడపడుచుకి పదమూడేళ్ళలో ఎవరూ చెప్పలేదు.

మరి మన కాలం ఆడవాళ్ళకే ఈ బాధలెందుకు, అమ్మమ్మలకి లేవే అంటారు. మా అమ్మమ్మ తొమ్మిది మందిని కంది. కడుపుతోనో, పాలిస్తూనో ఉంటే నెలసరి ఎక్కడిది? అలాంటివాళ్ళకి జీవితం మొత్తంలో వంద సార్లు వచ్చుంటుందేమో. మనకి నాలుగు వందలు. ఇరవై రెండుకే కాన్పులు ముగించినవాళ్ళకి ఆ తర్వాత పాతికేళ్ళు విడవకుండా నెలనెలా వస్తూనే ఉంటుంది. పత్తి తీతకి వెళ్తే మరుగు లేని చేలల్లో రోజంతా వంగి ఉండాలి. విసుగు రాక ఏం చేస్తుంది? పైగా నలభై దగ్గర పడ్డాక అండాలు తగ్గి నెలసరి అటూ ఇటూ అవుతుంది. కొన్నాళ్ళు ఎక్కువ, కొన్నాళ్ళు అసలే ఉండదు. అది చాలామందికి సహజంగా వచ్చే దశ. దాన్నీ, తెల్లబట్టనీ కేన్సరు పేరు చెప్పి భయపెట్టేవాళ్ళున్నారు. 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టే కలగజేసుకుని, అనవసరంగా గర్భసంచులు తీయకుండా కేంద్రం ఇచ్చిన నియమాల్ని మూడు నెలల్లో అమలు చేయమని రాష్ట్రాలకి చెప్పింది.

అసలు తీయించుకోనే కూడదని నేననను. కేన్సరైతే, పెద్ద గడ్డలైతే, ఏ మందుకీ రక్తం ఆగకపోతే ఆ ఆపరేషనే ప్రాణం కాపాడుతుంది. ముట్లుడిగిన ఏడాది తర్వాత ఒక్క చుక్క కనిపించినా పరీక్ష చేయించుకోవలసిందే.

ఇక మా అన్నయ్య కూతురి సంగతి దీనికి సరిగ్గా తలకిందులు. బెంగుళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, 33 ఏళ్ళు, పెళ్ళయి నాలుగేళ్ళు. "ఇప్పుడు తొందరేంటత్తా, సినిమావాళ్ళు నలభై ఐదుకి కనడం లేదూ?" అంటుంది. ఆ సినిమావాళ్ళలో ఎందరు ఎవరి అండంతో కన్నారో పేపర్లో రాయరమ్మా అన్నాను. నెలనెలా గర్భం వచ్చే అవకాశం ఇరవైల్లో నూటికి 20-25 ఉంటే, నలభైకి 5 దగ్గరికి పడిపోతుంది. ఏ.ఎమ్.హెచ్. అని ఒక రక్తపరీక్ష ఉంది, అందులో బాగానే వచ్చిందని తన ధైర్యం. గాదెలో ఎన్ని ఉన్నాయో అది చెబుతుంది గానీ గింజ మంచిదో పుచ్చో చెప్పదు. అండాలు దాచిపెట్టించుకునే వీలుంది, ఆ దాచేది 35 లోపైతే మేలు. ఇవి చెప్పి ఊరుకున్నాను. కనమని గానీ, మానమని గానీ నేను అనలేదు. ఉద్యోగం తనది, ఒళ్ళు తనది. మా అన్నయ్య అల్లుడి వయసు సంగతి ఎత్తడేం, ఆయనకీ 38 వచ్చాయి, మగవాళ్ళ బీజమూ పాతబడుతుంది అంటే మాత్రం మా వదిన గట్టిగా నవ్వింది.

మా తోటికోడల్ని గుంటూరు తీసుకెళ్ళి ఇంకో డాక్టరుగారికి చూపించాం. గడ్డ శనగగింజంత కూడా లేదు. రక్తం 7 గ్రాములే ఉంది, ముందు దాన్ని చూడాలన్నారు. ఐరన్, రక్తస్రావం తగ్గే మాత్రలు రాశారు. తగ్గకపోతే సంచి లోపల పెట్టే హార్మోను లూపు ఉంది, కోత లేకుండానే పనిచేస్తుందన్నారు. గర్భాశయ ముఖద్వారం దగ్గర కేన్సరు పరీక్ష కూడా చేశారు, ఏమీ లేదు. మూడు నెలల్లో నెలసరి ఐదు రోజులకి వచ్చింది. ముఖం కూడా కాస్త తేరుకుంది. ఆపరేషన్ డబ్బుతో మా మరిది పెరట్లో మరుగుదొడ్డి బాగుచేయించి, చేను దగ్గర కూడా రేకులతో ఒక చాటు కట్టించాడు. కూలికొచ్చే ఆడవాళ్ళు దాన్ని ఎంత మెచ్చుకున్నారో!

మొన్న అమ్మ వచ్చినప్పుడు పప్పు రుబ్బుతూ అడిగేశాను, "నీకు ఎప్పుడాగిందే?" అని. సిగ్గుపడి, "ఇప్పుడెందుకే అవన్నీ" అని, కాసేపటికి తనే చెప్పింది. నా పెళ్ళైన మరుసటేడు, 47వ ఏట. అమ్మమ్మకి యాభై దాటాకట. పిన్నికి 44. పాల లెక్క రాసే పుస్తకంలో ఆఖరి పేజీ మీద రాసి పెట్టాను. మా అమ్మాయికి పందొమ్మిదేళ్ళు. హాస్టల్ నుంచి ఫోన్ చేస్తే, అమ్మమ్మ వయసు కూడా చెప్పాను. "ఏంటమ్మా ఇవి ఫోన్లో" అని విసుక్కుంది గానీ, నంబరు రాసుకున్నట్టే ఉంది.